మొదటి విలువ ఎంత తీసుకోవాలి?

థర్మోడైనమిక్స్ క్లాసులో ఏటా ఒకే చోట కలాలు ఆగిపోతాయి. బోర్డు మీద వాన్ డర్ వాల్స్ సమీకరణం ఉంటుంది. దాని కింద ప్రశ్న: రిడ్యూస్డ్ ఉష్ణోగ్రత 0.9 అయితే రిడ్యూస్డ్ సంతృప్త బాష్ప పీడనం ఎంత? ఐదు నిమిషాలు గదిలో రాస్తున్న చప్పుడే. ఆ తర్వాత ఒక్కొక్కరే తలెత్తుతారు. చివరికి ఎవరో ఒకరు ధైర్యం చేస్తారు. పోయినసారి మూడో బెంచీలో కూర్చున్న అమ్మాయి అడిగింది.

"సార్, ట్రయల్ అండ్ ఎర్రర్ చెయ్యమన్నారు. ఫస్ట్ వ్యాల్యూ ఎంత తీసుకోవాలి?"

"నీకెంత అనిపిస్తే అంత తీసుకోమ్మా."

"అది తప్పైతే సార్?"

ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న కోసం రాస్తున్నాను. ఆ అమ్మాయికి సూత్రాలు రాక కాదు, బాగా వచ్చు. ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేసి వచ్చిన పిల్ల. తెలిస్తే పెట్టడం, తెలియకపోతే ఏదో ఒకటి గుడ్డిగా పెట్టడం రెండేళ్లపాటు అలవాటైపోయింది. బిట్టు పేపర్లో గుడ్డిగా పెట్టిన జవాబును మళ్లీ ముట్టుకోం. అది తప్పో ఒప్పో ఫలితాలు వచ్చేదాకా తెలియదు. అందుకే అంచనా అన్న మాట వినగానే పిల్లలకు గుడ్డిగా పెట్టడమే గుర్తొస్తుంది, చెయ్యి వణుకుతుంది. ఇంజినీరింగ్‌లో అంచనా అలాంటిది కాదు. ఇక్కడ తప్పు విలువ పెడితే, అది ఎటువైపు ఎంత తప్పో ఆ లెక్కే చెబుతుంది. మాటల్లో చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు ప్రశ్నలోని మాటలు. సంతృప్త బాష్ప పీడనం అంటే ఏమిటో ప్రతి ఇంట్లోనూ తెలుసు, పేరే తెలియదు. వంటింట్లో 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌ని కొంచెం ఊపితే లోపల ద్రవం కదులుతున్నట్టు తెలుస్తుంది. కింద ద్రవం, పైన దాని ఆవిరి. ఆ ఆవిరి ఎంత బలంగా గోడల్ని నెడుతోందో అదే సంతృప్త బాష్ప పీడనం. ఒకే పదార్థం ఉన్న సిలిండర్ అయితే సగం ఖాళీ అయినా ఆ పీడనం మారదు, ఉష్ణోగ్రత మారితేనే మారుతుంది. రోజంతా పెద్ద పొయ్యి వెలిగే టిఫిన్ సెంటర్లో సిలిండర్ కింది భాగం చూడండి, ద్రవం ఎంత ఎత్తు వరకు ఉందో అంతవరకు బయట చెమట పట్టి ఉంటుంది. ఆవిరిగా మారే ద్రవం తనకు కావలసిన వేడిని చుట్టూ ఉన్న ఇనుము నుంచి లాక్కుంటోంది. చల్లబడ్డకొద్దీ పీడనం తగ్గుతుంది, మంట నీరసిస్తుంది. (అలా నీరసించిందని సిలిండర్‌ని వేడినీళ్ల టబ్బులో పెట్టడం కొన్ని చోట్ల చూశాను. దయచేసి ఎప్పుడూ చెయ్యకండి. ఈ పీడనం ఉష్ణోగ్రతతో సమానంగా పెరగదు, దానికంటే చాలా వేగంగా ఎగబాకుతుంది.)

ఇక రిడ్యూస్డ్. ప్రతి పదార్థానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక ద్రవం, ఆవిరి అనే తేడా మిగలదు. ఆ హద్దు దగ్గరి ఉష్ణోగ్రతను మన తెలుగు అకాడమీ పుస్తకాలు సందిగ్ధ ఉష్ణోగ్రత అంటాయి, క్లాసులో అందరం క్రిటికల్ అంటాం. నీటికి అది 647.1 కెల్విన్, ప్రొపేన్‌కి 369.8, ఆర్గాన్‌కి 151 దగ్గర. మన ఉష్ణోగ్రతను ఆ పదార్థపు క్రిటికల్ ఉష్ణోగ్రతతో భాగిస్తే రిడ్యూస్డ్ ఉష్ణోగ్రత, టి-ఆర్. పీడనాన్ని దాని క్రిటికల్ పీడనంతో భాగిస్తే పి-ఆర్. ఘనపరిమాణానికి వి-ఆర్. మూడూ ఉత్త సంఖ్యలు, యూనిట్లు ఉండవు. నీటినీ ఆర్గాన్‌నీ ఒకే థర్మామీటరుతో పోల్చడం మానేసి, ఒక్కొక్కటీ తన హద్దుకి ఎంత దూరంలో ఉందో చూడటం ఇది.

ఈ ఆలోచన ఇచ్చిన యోహానెస్ వాన్ డర్ వాల్స్ హాలండ్‌లో లైడెన్ నగరంలో ఒక వడ్రంగి కొడుకు, పదిమంది పిల్లల్లో పెద్దవాడు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టాడు. లాటిన్, గ్రీకు రానందువల్ల విశ్వవిద్యాలయం పరీక్షలు రాయడానికి వీల్లేకపోయింది, ఆ నిబంధన సడలించాక 1873లో, 35 ఏళ్ల వయసులో, డాక్టరేట్ వచ్చింది. రిడ్యూస్డ్ రాశుల్లో అన్ని పదార్థాలూ ఒకే సమీకరణానికి లోబడతాయన్న సూత్రాన్ని 1880లో ప్రకటించాడు. ఆ సూత్రం ఆధారంగానే అదే లైడెన్‌లో కామర్లింగ్ ఓనస్ హీలియం ఎంత చల్లారితే ద్రవమవుతుందో ముందుగా అంచనా కట్టుకుని, 1908 జూలై 10న దాన్ని ద్రవంగా మార్చాడు. అంతవరకు ద్రవ హీలియాన్ని చూసినవాళ్లే లేరు. మొదటి విలువ వేసుకోకుండా ఆ ప్రయోగానికి యంత్రాలు కూడా కట్టలేరు.

ఇప్పుడు లెక్క. రిడ్యూస్డ్ రూపంలో సమీకరణం ఇలా ఉంటుంది:

పి-ఆర్ = 8 × టి-ఆర్ ÷ (3 × వి-ఆర్ − 1) − 3 ÷ (వి-ఆర్ వర్గం)

టి-ఆర్ 0.9 పెట్టి, ఘనపరిమాణాన్ని అడ్డంగా, పీడనాన్ని నిలువుగా గీయండి. గ్రాఫ్ పేపర్ మీద చేత్తోనే గీయండి, ఈ లెక్కలో సగం భయం అక్కడే పోతుంది. గీత ఎడమవైపు నిట్టనిలువుగా దిగుతుంది. 0.72 ఘనపరిమాణం దగ్గర ఒక పల్లం, అక్కడ పీడనం 0.420. అక్కణ్ణుంచి మెరకెక్కి 1.53 దగ్గర శిఖరం, పీడనం 0.724. ఆ తర్వాత మెల్లగా వాలిపోతుంది.

నిజమైన పదార్థం ఈ పల్లమూ మెరకా పాటించదు. ద్రవం ఆవిరిగా మారేటప్పుడు పీడనం ఒకే మట్టంలో ఉంటుంది, అంటే అక్కడ ఒక అడ్డగీత ఉండాలి. ఏ ఎత్తులో? 1875లో మాక్స్‌వెల్ చెప్పిన జవాబు, వరి మడి చదును చేసిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. మెరకలో తీసిన మట్టి సరిగ్గా పల్లానికి సరిపోవాలి. బయట నుంచి తట్టెడు మట్టి తేకూడదు, గట్టు అవతల పోయకూడదు. అడ్డగీతకు పైన ఉన్న విస్తీర్ణం, కింద ఉన్న విస్తీర్ణం సమానమైతే అదే సంతృప్త పీడనం. సమానం కాకపోతే, ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆ వలయం చుట్టూ తిరిగి వచ్చినప్పుడల్లా ఊరికే కొంత పని పుట్టుకురావాలి. ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం దాన్ని ఒప్పుకోదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. మొదటి విలువ ఎంత? అడ్డగీత పల్లం అడుగుకీ శిఖరానికీ మధ్యనే ఉండాలి, లేకపోతే గీతను మూడుచోట్ల కోయదు. అంటే 0.420కీ 0.724కీ మధ్య ఎక్కడో. ఏమీ తోచకపోతే నడిమధ్య: 0.572.

0.572 తీసుకుందాం. సమీకరణాన్ని ఘనపరిమాణం కోసం సాధిస్తే మూడు మూలాలు వస్తాయి. చిన్నది ద్రవానిది: 0.619. పెద్దది ఆవిరిది: 2.954. మధ్యది మనకు అక్కర్లేదు. ఇక ఈ రెండింటి మధ్య గీత కింద ఉన్న విస్తీర్ణం కావాలి. సూత్రం ఇది: ఆవిరి ఘనపరిమాణాన్ని 3తో గుణించి 1 తీసేయండి, ద్రవానికీ అలాగే చెయ్యండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి సహజ లాగరిథమ్ తీసి, 2.4తో గుణించండి. (ఈ 2.4 ఎక్కడిదంటే, 8 × 0.9 ÷ 3.) దానికి 3 × (1/ఆవిరి − 1/ద్రవం) కలపండి. రెండో ముక్క రుణాత్మకంగా వస్తుంది, కంగారు పడకండి. మొత్తం 1.488 వస్తుంది. దీన్ని 2.954, 0.619ల తేడా అయిన 2.335తో భాగించండి: 0.637.

ఈ 0.637 ఏమిటో ఒక్క నిమిషం ఆగి చూడండి. మడిలోని మట్టినంతా పరిస్తే వచ్చే సగటు ఎత్తు. మనం 0.572 మట్టం అనుకున్నాం, మడి 0.637 అంటోంది. అంటే మనం తక్కువ అనుకున్నాం. ఎటువైపు తప్పామో, దాదాపు ఎంత తప్పామో ఒక్క విడతలో తెలిసిపోయింది. ఇప్పుడు 0.637ని కొత్త విలువగా తీసుకుని మళ్లీ చెయ్యండి. ద్రవం 0.605, ఆవిరి 2.424, సగటు 0.6468. ఇంకోసారి: 0.6470. ఆ తర్వాత కదలదు. ద్రవం 0.603 దగ్గర, ఆవిరి 2.349 దగ్గర స్థిరపడతాయి.

ఆ రోజు క్లాసులో 0.572 ఒక్కటే చేసి ఊరుకోలేదు. మూడో బెంచీ అమ్మాయిని తనకు నచ్చిన విలువ చెప్పమంటే కాసేపు తటపటాయించి 0.5 అంది. పక్కనున్న కుర్రాడు 0.7 అన్నాడు. 0.5తో మొదలైన లెక్కకి మొదటి విడతలో 0.615 వచ్చింది. 0.7తో మొదలైనదానికి 0.638. ఇద్దరూ అక్కణ్ణుంచి 0.647కే చేరారు. ఇంకొకతను 0.8 తీసుకున్నాడు, అతనికి ఒకే ఒక్క మూలం వచ్చింది. "సార్, మిగతా రెండు మూలాలు రావట్లేదు" అని లేచి నిలబడ్డాడు. శిఖరం కన్నా పైన గీసిన గీత కొండను కోయదు కదా. అతనికి వచ్చింది కూడా జవాబే: ఇంకా కిందికి దిగు అని. ఆ అమ్మాయి తన కాగితాన్నీ పక్కవాడి కాగితాన్నీ చాలాసేపు మార్చి మార్చి చూసింది. నా వరకు ఆ రోజు పాఠం అక్కడే అయిపోయింది.

కానీ లెక్క సరిగ్గా చెయ్యడం వేరు, జవాబు నిజానికి సరిపోవడం వేరు. ఇది చెప్పకుండా వదిలేస్తే మీకు సగమే చెప్పినట్టు. 0.647 అన్నది వాన్ డర్ వాల్స్ సమీకరణం జవాబు. నిజమైన ఆర్గాన్‌ని టి-ఆర్ 0.9 దగ్గర కొలిస్తే పి-ఆర్ 0.54 దగ్గర ఉంటుంది. టి-ఆర్ 0.7 దగ్గర సమీకరణం 0.20 అంటుంది, ఆర్గాన్ 0.10 అంటుంది. రెట్టింపు తేడా. మీరు నాలుగు దశాంశ స్థానాల దాకా కష్టపడినందువల్ల ఆ తేడా తగ్గదు. అది సమీకరణం వేసిన అంచనా, దాన్నీ సరిదిద్దాలి.

1955లో కెనెత్ పిట్జర్ చేసింది అదే. ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్ లాంటి గుండ్రటి అణువులకి టి-ఆర్ 0.7 దగ్గర పి-ఆర్ దాదాపు 0.1. ఇతర పదార్థాల్లో చాలావాటికి అంతకన్నా తక్కువ. ఆ తక్కువను ఒక్క సంఖ్యలో పట్టుకున్నాడు. టి-ఆర్ 0.7 దగ్గర పి-ఆర్‌కి పది ఆధారంగా లాగ్ తీసి, గుర్తు మార్చి, 1 తీసేస్తే వచ్చేదే ఒమేగా, ఎసెంట్రిక్ ఫ్యాక్టర్. నీటికి మీరే తీయండి. 647.1లో 0.7 వంతు 453 కెల్విన్, అంటే దాదాపు 180 డిగ్రీల సెల్సియస్. స్టీమ్ టేబుల్ తెరవండి, 180 డిగ్రీల దగ్గర పీడనం 10 బార్. క్రిటికల్ పీడనం 220.6. భాగిస్తే 0.0453. లాగ్ −1.344. ఒమేగా 0.344. పుస్తకం చివర అనుబంధంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో అచ్చయిన సంఖ్యని మీ చేతులతో తీశారు. నా విద్యార్థుల చేత ఈ ఒక్కటి తప్పకుండా చేయిస్తాను. టేబుల్లో సంఖ్యలు ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలిశాక ఆ పుస్తకం పట్టుకునే తీరే మారుతుంది.

ఒమేగా చేతిలో ఉంటే పరీక్ష హాల్లో పది సెకన్లలో మొదటి విలువ తేగల సూత్రం ఒకటుంది. 1 ÷ టి-ఆర్ అడ్డంగా, పి-ఆర్ లాగ్ నిలువుగా పెట్టిన గ్రాఫ్ మీద క్రిటికల్ బిందువునీ, 0.7 దగ్గరి బిందువునీ ఒక సరళరేఖతో కలిపితే వస్తుంది:

పి-ఆర్ లాగ్ (పది ఆధారంగా) = (7 ÷ 3) × (1 + ఒమేగా) × (1 − 1 ÷ టి-ఆర్)

వంటింటి సిలిండర్‌కి పెట్టి చూద్దాం. అందులో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. 30 డిగ్రీల రోజు, అంటే 303.15 కెల్విన్. ప్రొపేన్‌కి టి-ఆర్ 0.820, ఒమేగా 0.152, క్రిటికల్ పీడనం 42.5 బార్. సూత్రంలో పెడితే పి-ఆర్ 0.256, అంటే 10.9 బార్. కొలిచిన విలువ 10.8. బ్యూటేన్‌కి క్రిటికల్ ఉష్ణోగ్రత 425.1, ఒమేగా 0.200, క్రిటికల్ పీడనం 38 బార్. టి-ఆర్ 0.713. పి-ఆర్ 0.075, అంటే 2.84 బార్. కొలిచినది 2.83. అదే సిలిండర్, అదే ఎండ. ప్రొపేన్ తన హద్దుకి దగ్గరగా ఉంది కాబట్టి గట్టిగా నెడుతోంది, బ్యూటేన్ దూరంగా ఉంది. మిశ్రమం పీడనం ఈ రెంటి నడుమ ఉంటుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే 1975లో లీ, కెస్లర్ ఇచ్చిన పెద్ద సమీకరణం వాడండి. ప్రొపేన్‌కి అది 10.84 ఇస్తుంది. నా సలహా మాత్రం ఒకటే: చిన్న సూత్రంతో వచ్చిన సంఖ్యని కాగితం మూలన రాసుకోకుండా పెద్ద సమీకరణం మొదలుపెట్టకండి.

ఎందుకో చెబుతాను. ఈ లెక్కల్లో నేను దిద్దిన పేపర్లలో తప్పులు ఎక్కువగా రెండే రకాలు. ఒకటి, కెల్విన్ బదులు సెల్సియస్ పెట్టడం. ప్రొపేన్‌కి 30ని 96.6తో భాగిస్తే టి-ఆర్ 0.31 వస్తుంది, పీడనం దాదాపు సున్నా అవుతుంది. ఆ లెక్క ప్రకారం సిలిండర్ వాల్వు తిప్పితే గ్యాస్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోవాలి. అయినా ఆ సంఖ్య కింద రెండు గీతలు కొట్టి పేపర్ ఇచ్చేస్తారు. నేను కూడా చదువుకునే రోజుల్లో ఇలాగే ఇచ్చాను. రోజూ చూసే వంటిల్లు ఆ రోజు పరీక్ష హాల్లో ఎందుకు గుర్తు రాలేదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండోది, లాగ్ పది ఆధారంగానా సహజమా అన్న తికమక. ప్రొపేన్‌కి అలా తారుమారైతే 10.9 బదులు 23.5 బార్ వస్తుంది. మూలన 11 అని రాసి ఉంటే ఆ 23.5 చూడగానే కళ్లలో గుచ్చుకుంటుంది, లేకపోతే అందంగానే కనిపిస్తుంది.

ఈ సూత్రాల మీద నమ్మకం ఎంతవరకు? నీళ్లతోనే చూడండి. 100 డిగ్రీల దగ్గర నీటి బాష్ప పీడనం 1.01 బార్ అని పదో తరగతి పిల్లలకీ తెలుసు. చిన్న సూత్రం 1.10 ఇస్తుంది. లీ-కెస్లర్ 0.92 ఇస్తుంది. ఒకటి పైకి తప్పింది, ఇంకొకటి కిందికి తప్పింది, రెండూ పది శాతం దరిదాపుల్లో. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆర్గాన్‌ని ఆధారం చేసుకుని కట్టిన కొలతలో ఆ పట్టు పూర్తిగా ఇమడదు, పైగా 100 డిగ్రీలంటే టి-ఆర్ 0.58, మన రెండు బిందువులకీ అవతల. నీళ్లకి స్టీమ్ టేబుల్ ఉండగా ఈ సూత్రాల జోలికి పోవద్దు. ఆల్కహాల్‌ల దగ్గర కూడా జాగ్రత్త. హైడ్రోకార్బన్‌ల దగ్గర ధైర్యంగా వాడండి.

ఇప్పుడు పుస్తకం మూసి మీరు ఒకటి చెయ్యండి. లంబసింగిలో చలి బాగా ముదిరిన తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకి దిగిందనుకుందాం, 273.15 కెల్విన్. సిలిండర్లో ఉత్త బ్యూటేన్ మాత్రమే ఉంది. లోపల పీడనం ఎంత? పొయ్యి వెలుగుతుందా? ముందు పెన్సిల్ తీసుకుని మీకు తోచిన సంఖ్య కాగితం మూలన రాయండి. కావలసిన విలువలన్నీ పైన ఉన్నాయి. చిన్న సూత్రంతో నాకు 1.05 బార్ వచ్చింది. కొలిచిన విలువ 1.03. రెగ్యులేటర్‌కి అవతల గాలి కూడా దాదాపు అంతే నెడుతోంది. మీ పెన్సిల్ సంఖ్యని చెరపకండి, దాని పక్కనే ఇది రాయండి, తర్వాత అదే చలికి ప్రొపేన్ లెక్క మొదలుపెట్టండి.